ఎనభైతొమ్మిదవ గెలుపు

2015 అక్టోబరు 27వ తేదీ మొదలు 2016 జూన్ 19వ తేదీ వరకు, అనగా ఎనిమిది నెలలకు వారము తక్కువగా, కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరమును నెలవుగా జేసికొనిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ అను బాస్కెట్‌బాల్ జట్టు 106 ఆటలాడి, వానిలో 88 గెలిచెను. అమెరికా దేశపు వృత్తి బాస్కెట్‌బాల్ సమాఖ్యయైన ఎన్.బి.ఏ. 1946లో పుట్టినది మొదలు అంతవరకు ఒక్క సీజనులో ఇన్ని ఆటలు గెలిచిన జట్టు మఱియొకటి లేదు. అంతకు ఇరువదియేండ్ల పూర్వము మైకేల్ జోర్డన్ ఆడుచుండిన చికాగో బుల్స్ జట్టు గెలిచినవి 87. అయినను 87 గెలిచినవారికి కిరీటము దక్కినది, 88 గెలిచినవారికి దక్కలేదు. వలసినది మఱియొక్క గెలుపు. ఆ యొక్కటి లభించియుండిన యెడల ఈ సీజను గణాంక గ్రంథములలో అగ్రస్థానమున ఒక పంక్తియై, అచ్చటనే సుఖముగా నిద్రించియుండెడిది. లభింపకపోవుటచేతనే అది జనులు పదేపదే చెప్పుకొను కథయైనదని నా తలంపు.

మన పాఠకులలో క్రికెట్ తప్ప వేఱొక ఆటను కన్నెత్తి చూడనివారు పెక్కురు గలరు గనుక, ఈ పోటీ నడచు విధమును ఒకింత విన్నవింపవలసియున్నది. ఎన్.బి.ఏ.లో 30 జట్లు; ప్రతి జట్టును అక్టోబరు చివరనుండి ఏప్రిల్ నడిమి వరకు 82 ఆటలాడవలెను. వారమునకు మూడు, ఒక్కొక్కప్పుడు నాలుగు. ఈ రాత్రి ఒక నగరమున ఆడి, అర్ధరాత్రమున విమానమెక్కి, తెల్లవారకముందే వేఱొక నగరమున దిగి, ఆ సాయంకాలమే మరల బంతి పట్టవలసిన దినములును గలవు. అట్లు వడపోయగా మిగిలిన 16 జట్లు ప్లేఆఫ్‌లకు పోవును. అచ్చట ఒక్కొక్క ప్రత్యర్థితో ఏడేసి ఆటల సమరము. ముందుగా నాలుగు గెలిచినవారు పైమెట్టునకు పోదురు. అట్టి మెట్లు నాలుగు. కనుక కిరీటము కోరువానికి 82 ఆటల పిమ్మట ఇంకను 16 గెలుపులు కావలెను. తొలి 82లో ఎన్ని గెలిచినను కిరీటము రాదు. గెలిచిన లెక్క మాత్రము చరిత్రలో నిలుచును. మనకు సినిమాల శతదినోత్సవములవలె అమెరికనులకు ఈ లెక్కలయందు మిక్కిలి మక్కువ. 1995-96లో బుల్స్ గెలిచిన 72 అను అంకె వారి నోట ఇరువదియేండ్లుగా మంత్రాక్షరమువలె నలిగినది.

తెలుగువారి యింటిపేర్లలో ఎన్నియో ఊళ్ల పేర్లే. అమెరికా జట్ల పేర్లలోను పెక్కు అట్టివే: మొదట ఊరు, పిదప బిరుదు. ఈ జట్టు పేరులో ఊరు లేదు. ఫిలడెల్ఫియాలో పుట్టి, 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోకు వలసవచ్చి, 1971లో అఖాతమునకు ఆవలి యొడ్డుననున్న ఓక్లండ్ చేరి, ఏ యూరి పేరును పెట్టుకొనక, కాలిఫోర్నియా రాష్ట్రపు ముద్దుపేరైన 'గోల్డెన్ స్టేట్'నే యింటిపేరుగా ధరించినది. 1975లో ఒకమారు విజేతయైనది. పిదప నలువదియేండ్లు శూన్యము. అందు 1994 తరువాత వరుసగా 12 సీజన్లు ప్లేఆఫ్‌ల గడపయైనను త్రొక్కలేదు. ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి, కొలీజియం స్టేషనులో దిగి, పాదచారుల వంతెనపై నడిచి క్రీడామందిరము చేరు జనసమూహములో, ఆ ప్రాంతపు కంప్యూటరు కంపెనీలలో కొలువున్న మన తెలుగు ఇంజినీర్లును కాలక్రమమున కలిసిరి. అందఱికిని అలవాటైనది ఓటమియే.

2010లో జో లేకబ్, పీటర్ గూబర్ అను ధనికులు ఈ జట్టును 45 కోట్ల డాలర్లకు కొనిరి. రెండేండ్ల తరువాత, ప్రేక్షకులకు ప్రాణతుల్యుడైన మాంటా ఎల్లిస్‌ను మిల్వాకీ నగరపు జట్టునకిచ్చి, అప్పటికి గాయపడి కూర్చున్న ఆండ్రూ బోగట్ అను ఆస్ట్రేలియా దీర్ఘకాయుని తెచ్చినందుకు, మందిరము నిండుగానున్న ఒక సన్మానసభలో లేకబ్ మాటలాడ లేచినపుడు జనులు నోరెత్తనీయక గోల చేసిరి. ఎల్లిస్‌ను పంపుటలోని ఆంతర్యము, అతని నీడలో ఆడుచున్న యొక సన్నని కుఱ్ఱవానికి బంతిని పూర్తిగా అప్పగించుటయే. ఆ కుఱ్ఱవానికా, చీలమండలు మాటిమాటికి బెణుకుచుండెను. జనులు కోపించుటలో వింత లేదు.

ఆ కుఱ్ఱవాడే స్టీఫెన్ కర్రీ. (హైదరాబాదు వీధులలో 'కర్రీ పాయింట్' అను బోర్డు కనబడినపుడెల్ల నాకీతడే స్ఫురించును; పాయింట్లకును ఆ పేరునకును గల చుట్టఱికము అట్టిది.) ఎత్తు ఆఱడుగుల మూడంగుళములు, ఏడడుగులవారు విహరించు ఆ ఆటలో ఇది వామనావతారమే. 2009లో కొత్త ఆటగాండ్రను ఎంచుకొను వేళ ఇతని వంతు ఏడవది. 2011లో వచ్చిన క్లే థాంప్సన్ పదునొకండవవాడు. 2012లో వచ్చిన డ్రేమండ్ గ్రీన్ ముప్పదియైదవవాడు, అనగా ముప్పదినలుగురిని ఎంచుకొనిన పిదపనే అతని వంతు వచ్చినది. కర్రీ తండ్రి డెల్, థాంప్సన్ తండ్రి మైకల్ ఇద్దఱును పూర్వము ఇదే సమాఖ్యలో ఆడినవారే. నాదస్వర విద్వాంసుల యిండ్లలో పిల్లలు తాళముతోనే నడక నేర్చినట్లు, వీరు బంతి గురిచూచి విసరుట తండ్రుల యొడిలోనే నేర్చిరి. గ్రీన్‌కు అట్టి వారసత్వమేమియు లేదు. ఉన్నది నోరు, తెలివి, అంతులేని రోషము. ఆ రోషము ఈ కథలో ఒకచోట మిక్కిలి వెలపెట్టించినది.

బుట్టనుండి 23 అడుగుల 9 అంగుళముల దూరమున నేలపై ఒక వంపుగీత కలదు. మూలలయందు దాని దూరము 22 అడుగులు. ఆ గీత కావలనుండి వేసిన బంతికి రెండుకు మాఱు మూడు పాయింట్లు. ఎన్.బి.ఏ. ఈ నియమమును 1979లో తెచ్చినపుడు పెద్దలు దానిని గారడీగా తలంచిరి. ఆ తొలి సీజనులో ఒక్కొక్క జట్టు ఆటకు సగటున మూడు మారులైనను అచ్చటనుండి ప్రయత్నింపలేదు. 2015-16 నాటికి ఆ సగటు 24 అయినది. కారణము కూడికలెక్కయే. కర్రీ ఆ సీజనులో గీత కావలనుండి నూటికి 45 మారులకు పైగా గురి తప్పలేదు; నూఱు విసరులకు 136 పాయింట్లు. బుట్ట దగ్గఱనుండి రెండేసి పాయింట్లతో అంత కూడబెట్టదలచినవాడు నూటికి 68 మారులు సఫలుడు కావలెను, మీదిమిక్కిలి ఏడడుగులవాని మోచేతులు భరింపవలెను. ఇది తెలిసిన ప్రత్యర్థి గీత దగ్గఱ కాపు కాయునుగదా యందురేమో. కాచినచో కర్రీ మఱి ఆఱడుగులు వెనుకకు జరుగును. అతనికొఱకు ఇద్దఱు పైకి వచ్చినచో వెనుక నేల ఖాళీయగును. బంతి గ్రీన్ చేతికి పోవును. ముగ్గురిపై నలుగురు పరుగెత్తుదురు. ఒకడు దూరమునుండి గురి తప్పకపోవుటవలన మైదానమే వెడల్పైనది. కోచ్‌కు సహాయకుడైన నిక్ యూరెన్ 2015 ఫైనల్స్‌లో చెప్పిన సలహాపై దీర్ఘకాయుడైన బోగట్‌ను కూర్చుండబెట్టి ఇగుడాలా అను మఱియొక ఆటగానిని దింపినది మొదలు, ఆఱడుగుల ఏడంగుళముల గ్రీన్‌ను నడుమ నిలిపిన పొట్టివారి పంచకమునకు పత్రికలు 'మృత్యుపంక్తి' యని అర్థము వచ్చు పేరు పెట్టినవి.

ఆ 2015 ఫైనల్స్‌లో వారు క్లీవ్‌లండ్ కేవలియర్స్‌ను 4-2గా ఓడించి కిరీటము గెలిచిరి. కాని ఆ గెలుపునకు ఒక మచ్చ మిగిలినది. క్లీవ్‌లండ్ పక్షమున కెవిన్ లవ్ భుజము జాఱి అంతకుముందే తొలగెను. కైరీ అర్వింగ్ మోకాటి చిప్ప తొలి ఆటలోనే పగిలెను. లెబ్రాన్ జేమ్స్ ఒంటరిగా పోరాడెను. అదృష్టము కొలది గెలిచిరని లోకమనెను. ఆ మాట వారియర్స్‌కు ములుకైనది. కొత్త సీజను వారాడిన తీరులో ఆ ములుకు బాధ ప్రతి రాత్రియు కనబడెను.

చిత్రమేమన, ఆడించువాడు లేకయే ఆడిరి. కోచ్ స్టీవ్ కెర్‌కు వేసవిలో వెన్నెముకకు రెండు మారులు శస్త్రచికిత్స జరిగి, అది వికటించి, తీరని తలనొప్పి పట్టుకొనినది. ముప్పదియైదేండ్ల సహాయకుడు ల్యూక్ వాల్టన్ ఆ పీఠమున కూర్చుండెను. అతని చేతిలో జట్టు మొదటి 24 ఆటలును గెలిచెను. సీజను ఆరంభమున వరుసగా 15 గెలిచిన జట్లు అంతకుముందు రెండే గలవు. ఇరువదినాల్గవది బోస్టన్‌లో రెండు ఓవర్‌టైములు సాగి 124-119గా ముగిసెను. ఆ అలసటతోనే మఱునాడు, డిసెంబరు 12న, మిల్వాకీలో ఆడి 108-95గా ఓడిరి. 1972లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ వరుసగా 33 గెలిచి, ముప్పదినాల్గవదానిలో తగిలిన ఎదురుదెబ్బయు మిల్వాకీలోనిదే. ఆ యూరికి ఇట్టి పనియందు చేయి తిరిగియున్నది. వాల్టన్ దించిన 43 ఆటలలో 39 గెలుపులు. సమాఖ్య నియమము ననుసరించి అవియన్నియు రోగశయ్యపైనున్న కెర్ ఖాతాలోనే జమయైనవి; ఇట్టి జమాఖర్చు ఆఫీసులలో పనిచేయు మనవారికి కొత్త గాదు.

జనవరి 18న వారియర్స్ క్లీవ్‌లండ్‌కే పోయి 132-98గా, అనగా 34 పాయింట్ల తేడాతో, వారిని మట్టి కఱపించిరి. నాలుగు దినముల పిమ్మట, జనవరి 22న, రెండు సంగతులు ఒకేనాడు జరిగినవి: ఓక్లండ్‌లో కెర్ తన పీఠమునకు తిరిగివచ్చెను, క్లీవ్‌లండ్‌లో, 41 ఆటలలో 30 గెలిచియుండియు, కోచ్ డేవిడ్ బ్లాట్‌కు ఉద్వాసన చెప్పి టైరన్ లూ చేతికి పగ్గములిచ్చిరి. ఆనాడు మొదటిదే పెద్ద వార్త. ఫలము తెలిసి వెనుదిరిగి చూచినవానికి రెండవదే పెద్దదిగా తోచును.

ఇక ఫిబ్రవరి 27. ఈ సీజనులో నేనెన్ని మారులైనను విసుగు లేక చూచునది ఈ యొక్క రాత్రి. ఓక్లహోమా సిటీలో ఆట. ఎదుట కెవిన్ డ్యురాంట్, రస్సెల్ వెస్ట్‌బ్రూక్. మూడవ క్వార్టరులో వెస్ట్‌బ్రూక్ కాలు కర్రీ ఎడమ చీలమండపై పడగా, అతడు కుంటుచు లోపలికి పోయెను. పూర్వపు చీలమండల చరిత్ర తెలిసినవారు ఇంతటితో సరియనుకొనిరి. అతడు కట్టు కట్టించుకొని తిరిగివచ్చెను. ఇగుడాలా సెకనులో ఏడు పదియవ వంతులు మిగిలియుండగా రెండు ఫ్రీ త్రోలు వేసి 103-103గా నిలిపెను. ఓవర్‌టైములో డ్యురాంట్ ఫౌళ్లు నిండి బయటికి పోయెను, మరల 118-118. వెస్ట్‌బ్రూక్ గురి తప్పినది, బంతి కర్రీ చేతికి వచ్చినది. చేతిలో టైమవుట్ కలదు, కెర్ అడుగలేదు. కర్రీ పరుగెత్తలేదు; సంధ్యావందనమునకు ఏటికి పోవు బ్రాహ్మణునివలె తాపీగా నడుమ గీత దాటి, ఇంక రెండడుగులు వేసి, ఎదుటివాడు ఇంకను కాపునకు రానక్కఱలేదని తలంచు దూరమున, ఉన్నపాటున లేచి విసరెను. అది దాదాపు 38 అడుగులు. క్రికెట్ పిచ్ పొడవులో సగమునకు మించినది. బంతి బుట్టలో పడునప్పటికి గడియారమున మిగిలినది సెకనులో ఆఱు పదియవ వంతులు. 121-118. ఆ యాటలో అది అతని పండ్రెండవ త్రీ పాయింటర్. ఒక్క ఆటలో అంతకు మించి అప్పటికి ఎవ్వరును వేసియుండలేదు. అంతకుముందటి సీజనులో తానే నెలకొల్పిన 286 అను వార్షిక రికార్డును ఆ రాత్రియే దాటెను. ఇంకను 24 ఆటలు మిగిలియుండెను.

ఇట్టి విసరును సాహసమనవచ్చునా? పదియేండ్ల పూర్వము ఏ కోచ్‌యైనను దానిని మతిలేనితనమని యుండును, వేసినవానిని బెంచిపై కూర్చుండబెట్టియుండును. ఆ రాత్రి తరువాత పిల్లలు బడిమైదానములలో నడుమ గీత దగ్గఱనుండి విసరుట మొదలిడిరి. వారిని మందలింపబోయిన గురువులకు మాట తోచలేదు.

మార్చి నెలలో గెలుపులకు రుచి తగ్గినది. ప్రతి యూరను మందిరము నిండుచుండెను. అశ్వమేధపు గుఱ్ఱమును చూడవచ్చినట్లు జనులు గంట ముందే వచ్చి, కర్రీ సాధన చేయుటను చూచి మురియుచుండిరి. ఆ సీజనులో 82కు 17 మాత్రమే గెలిచిన లేకర్స్ చేతిలో మార్చి 6న 112-95గా ఓడుటయు సంభవించెను. ఇట్టి ఓటమికి కారణము వెదకుట వ్యర్థము. ఆ నెలాఖరున న్యూయార్క్ టైమ్స్ పత్రికకు అనుబంధమైన మాగజైన్‌లో జో లేకబ్ మాటలు వెలువడినవి: జట్టు నిర్వహణలోను, ప్రణాళికలోను తాము తక్కినవారికంటె కాంతిసంవత్సరముల ముందున్నామని భావము. గర్వోక్తులకు దిష్టి తగులునని నమ్మువాడను గాను గాని, రెండు దినములలోనే, ప్లేఆఫ్‌లు గాక 54 ఆటలుగా సొంత మందిరమున ఓడని జట్టు బోస్టన్ చేతిలో ఓడెను. మఱి నాలుగు దినములకు, అదే మందిరమున, బలహీనులని పేరుపడిన మిన్నెసోటా చేతిలో ఓవర్‌టైములో ఓడెను.

లెక్క ఇప్పుడు 69 గెలుపులు, 9 ఓటములు. మిగిలినవి నాలుగాటలు, 72ను దాటవలెనన్న నాలుగును గెలువవలెను. ఇచ్చట కెర్ స్థితి విచిత్రమైనది. 72 గెలిచిన ఆ బుల్స్ జట్టులో అతడును ఆటగాడే. చెఱుపవలసిన రికార్డు తనదే. ప్లేఆఫ్‌ల ముందు ఆటగాండ్రకు విశ్రాంతి ఇయ్యవలెనని అతని మనస్సు. రికార్డు కావలెనని వారి మనస్సు. నిర్ణయము వారికే విడిచెను. శాన్ ఆంటోనియోను తమ యింట గెలిచిరి. మెంఫిస్‌లో ఒక్క పాయింటుతో, 100-99గా, తప్పించుకొనిరి. మఱునాడే, ఆ సీజనులో అంతవరకు సొంత మందిరమున ఒక్క ఆటయైనను ఓడని శాన్ ఆంటోనియోను, వారి ఊరికే పోయి 92-86గా ఓడించిరి. ఆ యూర వారియర్స్ 82 ఆటలలోని ఆట గెలుచుట 1997 తరువాత అదే మొదలు.

ఏప్రిల్ 13 రాత్రి ఓక్లండ్‌లో మెంఫిస్‌పై 125-104. కర్రీకి 46 పాయింట్లు, పది త్రీ పాయింటర్లు. సీజను మొత్తము 402. తొమ్మిది ఓటములలో ఏ రెండును వరుసగా వచ్చినవి కావు. 73-9. బాస్కెట్‌బాల్ లోకమంతయు ఆ దృశ్యమునకే కన్నులప్పగింపవలసిన ఆ రాత్రియే, అదే రాష్ట్రమున దక్షిణముగా, ముప్పదియేడేండ్ల కోబీ బ్రయంట్ తన కడపటి ఆట ఆడుచు, 50 మారులు విసరి, 60 పాయింట్లు సాధించి, లేకర్స్‌ను గెలిపించి, వీడ్కోలు చెప్పెను. ఒకచోట చరిత్రలోనే ఉత్తమమైన జట్టు, వేఱొకచోట హీనమైన జట్టులో ఒంటరియైన వృద్ధసింహము. మనసునకు ఎక్కువగా హత్తుకొనునది రెండవదే యని చెప్పుటకు నాకు సంకోచము లేదు. అంకెకంటె మనుష్యుడు ఎక్కువ.

ప్లేఆఫ్‌ల తొలి మెట్టున హ్యూస్టన్. మొదటి యాటలోనే కర్రీ చీలమండ బెణికెను. రెండాటలు మాని, నాల్గవ యాటకు వచ్చి, సగము ఆట ముగియబోవుచుండగా నేలపై చెమట తడికి కాలు జాఱి మోకాటి స్నాయువు బెణికించుకొనెను. అతడు లేకయే హ్యూస్టన్‌ను 4-1గా దాటిరి. రెండవ మెట్టున పోర్ట్‌లండ్‌తో నాల్గవ యాటలో కర్రీ బెంచిపైనుండి లేచివచ్చి, ఓవర్‌టైము ఐదు నిమిషములలో 17 పాయింట్లు వేసెను; మఱునాడు, ఓటు వేసిన 131 మందియు ఏకగ్రీవముగా అతనినే ఉత్తమ ఆటగానిగా ఎన్నుకొనిరని ప్రకటన వెలువడెను. అట్టి ఏకగ్రీవము అంతకుముందు జోర్డన్‌కును దక్కలేదు.

మూడవ మెట్టున మరల ఓక్లహోమా సిటీ. ఇచ్చట కథ తిరుగబడినది. మూడవ, నాల్గవ ఆటలను వరుసగా 28, 24 పాయింట్ల తేడాతో ఓడి, 3-1గా వెనుకబడిరి. ఆఱవ యాటలో, పరాయి నేలపై, చివరి క్వార్టరు మొదలగునప్పటికి 8 పాయింట్ల వెనుక. అప్పుడు క్లే థాంప్సన్ లేచెను. ఇతడు మాటకారి కాడు, కర్రీవలె నాట్యమాడడు, బంతి చేతికి రాగానే, ఎదుట చేయి యున్నను లేకున్నను, పాఠము అప్పగించు బాలునివలె ఒకే తీరున లేచి విసరును. ఆ రాత్రి 11 త్రీ పాయింటర్లు, 41 పాయింట్లు. ప్లేఆఫ్ ఆటలో అన్ని త్రీ పాయింటర్లు వేసినవాడు అంతకుముందు లేడు. 108-101. ఏడవ యాట ఓక్లండ్‌లో గెలిచి, 3-1 గోతినుండి బయటపడిరి. మృత్యువును జయించినవానికి కలుగు ధీమా వారికి కలిగియుండును. ఆ ధీమాయే తరువాతి ఇరువది దినములలో...

కాదు, తొందరపడుచున్నాను. ఫైనల్స్‌లో మరల క్లీవ్‌లండ్. ఈమారు అర్వింగ్, లవ్ ఇద్దఱును గలరు. మొదటి రెండాటలను వారియర్స్ సునాయాసముగా గెలిచిరి; మూడవది 30 పాయింట్లతో ఓడిరి; జూన్ 10న క్లీవ్‌లండ్‌లో నాల్గవది 108-97గా గెలిచిరి. అదియే ఎనభైయెనిమిదవది. 3-1. ఫైనల్స్‌లో అట్లు వెనుకబడి తిరిగి గెలిచిన జట్టు అంతవరకు లేదు. ప్రయత్నించిన 32 జట్లును విఫలమైనవే. ఇక ఒక్క గెలుపు. దానికి మూడవకాశములు, వానిలో రెండు సొంత యింట.

కాని నాల్గవ యాట చివర ఒక చిన్న సంగతి జరిగినది. పెనుగులాటలో క్రింద పడిన గ్రీన్‌ను లెబ్రాన్ జేమ్స్ దాటి నడిచెను. మనవైపు చిన్నపిల్లలను కూడ దాటనీయరు, దాటినచో ఎదుగరందురు, గ్రీన్ సహించునా? చేయి విసరెను, అది తగులరానిచోట తగిలెను. అంతకుముందటి మెట్లలో అతని పేర అట్టి తప్పులు పేరుకొనియుండుటచే, సమాఖ్య విచారించి దీనిని కూడ కలుపగా, లెక్క నిండి అతనిపై ఒక ఆట నిషేధము పడెను. ఐదవ యాట జరుగునపుడు గ్రీన్ ప్రక్కనున్న బేస్‌బాల్ స్టేడియములో కూర్చుండి టెలివిజనులో చూచెను. గెలిచినచో పరుగున వచ్చి ఉత్సవమున కలియవలెనని ఆశ. ఆ యాటలో జేమ్స్ 41, అర్వింగ్ 41, క్లీవ్‌లండ్ 112-97. బోగట్ మోకాలు దెబ్బతిని సీజనంతయు ముగిసెను. ఆఱవ యాటలో జేమ్స్‌కు మరల 41. కర్రీ ఫౌళ్లు నిండి, కోపము పట్టలేక పంటికవచమును విసరికొట్టగా అది ప్రేక్షకునొకనికి తగిలి, మైదానమునుండి వెడలగొట్టబడెను. అంతటి సౌమ్యుని చేత అంతటి పని చేయించినది ఓటమి గాదు, ఓటమి సమీపించుచున్నదన్న యెఱుక.

73 వెంట పరుగెత్తి అలసిపోయిరని చాలమంది తేల్చిరి. నేనా మాటను సగమే ఒప్పుకొందును. చెమట తడికి కాలు జాఱుటకు రికార్డుతో సంబంధమేమి? గ్రీన్ చేయి అలసటచే లేచినదా? వారియర్స్ ఆటగాడైన హారిసన్ బార్న్స్‌కు చివరి మూడాటలలో విసరినవానిలో పడినవి 32కు 5. అది అలసటయో, చేతులలో ప్రవేశించిన భయమో అతనికే తెలియవలెను. ఇంతకంటె పెద్ద కారణమును జనులు మఱచుచున్నారు: ఎదుట లెబ్రాన్ జేమ్స్ గలడు. క్లీవ్‌లండ్‌కు పొరుగుననున్న ఆక్రన్‌లో పుట్టి, 2010లో ఊరు విడిచి తిట్లు తిని, 2014లో తిరిగివచ్చినవాడు. 1964 తరువాత ఏ పెద్ద క్రీడలోను కిరీటము నెఱుగని ఊరికి దానిని తెత్తునని మాటయిచ్చినవాడు. ఆ ఏడాటలలోను పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు, బ్లాకులు అను ఐదింటను ఇరుజట్లలోను అతడే మొదటివాడు.

జూన్ 19, ఆదివారము సాయంకాలము. మనకు సోమవారము వేకువ ఐదున్నర. మన దేశమున ఈ యాట నెఱిగిన కొద్దిమంది కాఫీగ్లాసులతో టెలివిజను ముందు కూర్చుండిరి. మొదటి సగమున గ్రీన్ ప్రాయశ్చిత్తము చేసికొనుచున్నట్లు ఆడెను. ఐదు త్రీ పాయింటర్లు విసరి ఐదును వేసి, 22 పాయింట్లతో జట్టును 49-42గా ముందుంచెను. మూడవ క్వార్టరు ముగియునప్పటికి తేడా ఒక్క పాయింటు, 76-75. నాలుగు నిమిషముల 39 సెకనులు మిగిలియుండగా థాంప్సన్ బుట్ట దగ్గఱనుండి రెండు పాయింట్లు వేసి 89-89గా సమము చేసెను.

తరువాత ఎవ్వరికిని ఏదియు పడలేదు. అటువైపు విసరిరి, ఇటువైపు విసరిరి. ఇనుపరింగునకు తగిలి బంతి ఎగురుచుండెను. 19,596 మంది గొంతులు ఒక్కొక్క విసరుతో లేచి, ఒక్కొక్క విసరుతో అణగుచుండెను. ఒక నిమిషము 50 సెకనులు మిగిలియుండగా ఇగుడాలాకు దారి దొరికెను. కర్రీ అందించిన బంతితో బుట్ట దగ్గఱకు లేచెను. ఎదుట నిలిచిన ఒక్కనిని తప్పించెను. ఇక రెండు పాయింట్లు వచ్చినవే యనుకొనుచుండగా, మైదానపు రెండవ కొననుండి పరుగెత్తివచ్చిన జేమ్స్ వెనుకనుండి ఎగిరి, ఆ బంతిని పలకకు అదిమివేసెను. ఇంక 53 సెకనులు మిగిలియుండగా, ఏడాది క్రితము ఇదే మందిరమున మోకాటి చిప్ప పగులగొట్టుకొనిన అర్వింగ్, కర్రీ కన్నుల యెదుటనే వెనుకకు జరిగి, కర్రీ విద్యతోనే, గీత కావలనుండి మూడు పాయింట్లు వేసెను. 92.

కర్రీకి బంతి వచ్చినది. ఎదుట కాపు నిలిచినవాడు కెవిన్ లవ్, బరువైనవాడు, మందగమనుడు, ఫిబ్రవరిలోనైనచో కర్రీ అతనిని నాలుగడుగులలో బొంగరము త్రిప్పియుండును. ఇటు తిరిగెను, అటు తిరిగెను, వెనుకకు వచ్చి మరల ముందుకు పోయెను. లవ్ కదలలేదు, విడువలేదు. కర్రీ లేచి విసరెను. సీజనులో 402 మారులు ఆ దూరమునుండి బుట్టను దాటిన బంతి ఈమారు రింగునకు తగిలి బయటపడెను. జేమ్స్ ఒక ఫ్రీ త్రో వేసెను. గడియారము సున్నయైనప్పుడు జేమ్స్ ఆ పరాయి నేలపై మోకాళ్లూని, ముఖము కప్పుకొని ఏడ్చుచుండెను. పసుపుపచ్చని చొక్కాలు ధరించిన జనులు లేచి, మాటలాడక మెట్లు దిగి, పాదచారుల వంతెనపైకి నడిచిరి. మందిరము నడుమ వ్రేలాడు బోర్డుపై క్లీవ్‌లండ్ పేరు ప్రక్క 93. గోల్డెన్ స్టేట్ పేరు ప్రక్క, నాలుగున్నర నిమిషములకు పైగా కదలని ఆ అంకె, 89.